సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది, ఫ్యాను మాత్రం తిరగట్లేదు

పెంకుటిల్లు:
హాల్లోనూ పక్క గదిలోనూ ఫ్యాన్లు, లైట్లు ఏవీ పనిచేయట్లేదు. వంటగదిలో అంతా బాగుంది. ఎంసీబీ పడిపోలేదు. హాల్లో సాకెట్‌లో టెస్టర్ పెడితే కుడివైపు ఫేజులోనూ, ఎడమవైపు న్యూట్రల్‌లోనూ వెలుగుతోంది. రెండు వైపులా కరెంటు ఉంటే ఫ్యాను ఎందుకు తిరగదు? షార్ట్ అయితే ఎంసీబీ పడాలి కదా?

టెస్ట్‌ల్యాంపు:
షార్ట్ కాదండి. ఆ రెండు గదుల న్యూట్రల్ ఎక్కడో తెగింది, లేదా స్క్రూ వదులై ఊడింది.

ఫేజులో వచ్చిన కరెంటు ఫ్యాను కాయిల్ దాటి, న్యూట్రల్ దారిన ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి చేరాలి. ఆ దారి తెగితే ప్రవాహం సున్నా. ప్రవాహం లేకపోతే కాయిల్‌లో వోల్టేజీ ఏమీ తగ్గదు. అందుకే ఫ్యానుకి ఇవతల 230 వోల్టులుంటే అవతలా 230 ఉంటాయి. స్విచ్ వేసి ఉన్న ఏ ఫ్యాను గుండా అయినా సరే, తెగిన న్యూట్రల్ ముక్క మొత్తానికి ఫేజు వచ్చేస్తుంది. టెస్టర్ నియాన్ దీపం వెలగడానికి మిల్లీ యాంపియర్‌లో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. అది వెలిగిందంటే వోల్టేజీ ఉందనే అర్థం, దారి పూర్తయిందని కాదు.

ఆ గదుల్లో స్విచ్‌లన్నీ ఆపి, ప్లగ్గులు పీకి మళ్లీ చూడండి. ఎడమ రంధ్రంలో వెలుగు పోతే న్యూట్రల్ తెగినట్టే. మసగ్గా మిణుకుమంటే పట్టించుకోకండి, పైపులో పక్కనే ఉన్న ఫేజు వైరు ప్రభావం అది. అన్నీ ఆపినా గట్టిగా వెలిగితే మాత్రం మెయిన్ దించేసి మనిషిని పిలవండి.

పెంకుటిల్లు:
స్విచ్‌లు ఆపితే వెలుగు పోయింది! ఎలక్ట్రీషియన్ ఎల్లుండి గానీ రారట. అందాకా సాకెట్‌లో ఎర్త్ నుంచి న్యూట్రల్ ఇచ్చుకోవచ్చా?

మూడోలైను:
వద్దండీ, ఒక్క గంటకి కూడా వద్దు. మీ ఎర్త్ గుంట నిరోధం 20 ఓములనుకోండి. 2 యాంపియర్లు పారితే ఫ్రిజ్, గ్రైండర్, గీజరు బాడీలన్నిటి మీదా 40 వోల్టులు నిలుస్తాయి. ఎండాకాలం గుంట ఎండితే ఇంకా ఎక్కువ. ఎర్త్ వైరు ఎక్కడైనా ఊడిందా, ఆ బాడీల మీదికి 230 వచ్చేస్తుంది. 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే వెంటనే పడిపోతుంది, అది పడటమే మంచిది.

వంటగది నడుస్తోంది కాబట్టి మీటరు, మెయిన్ బాగానే ఉన్నాయి. మెయిన్ దించి, దిగిందని టెస్టర్‌తో చూసుకున్నాకే డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తీయాలి. న్యూట్రల్ లింకులో, అంటే న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీలో, ఆ సర్క్యూట్ వైరు లాగితే కదులుతోందా? అక్కడ బాగుంటే, బోర్డుకి దగ్గరి గది స్విచ్‌బోర్డులో లూపింగ్ జాయింటు (న్యూట్రల్ అక్కడి నుంచి తర్వాతి బోర్డుకి సాగే అతుకు) చూడాలి. పొడవాటి వైరుతో లింకు నుంచి సాకెట్ ఎడమ రంధ్రం దాకా మల్టీమీటర్‌తో ఓములు కొలవచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లకి పావు ఓము. మీరు పెట్టిన వైరు కలుపుకున్నా 1 ఓము దాటకూడదు.

సాధారణంగా తెగేది గోడలోని తీగ కాదు, జాయింటే. వదులు జాయింటు అర ఓము ఉండి 10 యాంపియర్లు పారితే ఆ చిన్న చోటే 50 వాట్ల వేడి పుడుతుంది. ఇన్సులేషన్ గోధుమరంగుకి మారి, కాలిన వాసన వస్తుంది. పాత అల్యూమినియం వైరుకి రాగి మెలివేసిన చోట ఇది మరీ త్వరగా వస్తుంది. కాలిన మేర కత్తిరించేసి, కొత్త కనెక్టరు వేసి బిగించాలి. మెలివేసి టేపు చుట్టడం రిపేరు కాదు.

టెస్ట్‌ల్యాంపు:
త్రీఫేజ్ సర్వీసు ఉన్నవాళ్లకి ఒక మాట. న్యూట్రల్ మీటరు దగ్గరో స్తంభం మీదో ఊడితే, వేర్వేరు ఫేజుల మీదున్న రెండు వస్తువులు 415 వోల్టుల మధ్య సిరీస్‌లో పడతాయి. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె దాదాపు 53 ఓములు, 100 వాట్ల బల్బు 529 ఓములు. ఇస్త్రీపెట్టెకి 38 వోల్టులే మిగిలి, బల్బు మీద 377 పడతాయి. బల్బు ఉన్న ఫేజులో టీవీ ఉంటే అదీ పోతుంది. ఒక గదిలో దీపాలు ప్రకాశంగా, ఇంకో గదిలో మసగ్గా వెలుగుతుంటే ముందు మెయిన్ దించి, తర్వాత కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.