హైదరాబాద్ ఎండలో జపాన్ రా డెనిమ్: ఏ కొలత, ఎంత బరువు?

ప్రశ్న: నా నడుము 32 అంగుళాలు. జపాన్‌లోని ఒకయామాలో ఉన్న కొజిమాలో కుట్టిన సెల్విడ్జ్ (అంచు పోగులు విడిపోకుండా నేసిన గుడ్డ) రా డెనిమ్ (రంగు వేశాక ఉతకని డెనిమ్) జీన్స్ కొనాలనుకుంటున్నాను. ఏ కొలత తీసుకోవాలో దయచేసి చెప్పగలరా?

సమాధానం 1: ముందుగా అది శాన్ఫరైజ్ చేసిన, అంటే ఉతికాక కుదించుకుపోకుండా మిల్లులోనే ముందుగా కుదించిన గుడ్డేనా అని అడగండి. చేసినదైతే పెద్దగా కుదించుకుపోదు, పైగా తొడిగేకొద్దీ నడుము వదులవుతుంది కనుక మొదట్లో గుండీ కాస్త బిగుతుగా పడేదే ఎంచుకోవాలి. చేయనిదైతే తొలిసారి నానబెట్టగానే సుమారు 10 శాతం వరకు కుదించుకుపోవచ్చు. లేబుల్ అంకెను నమ్మకుండా, మీకు సరిపోయే పాత ప్యాంటును పరచి టేపుతో కొలిచి పోల్చండి.

సమాధానం 2: గుడ్డ బరువు చదరపు గజానికి 12 ఔన్సులు దాటితే మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పశ్చాత్తాపపడతారు. నేను 14 ఔన్సులది నవంబరులో మొదలుపెట్టి బతికిపోయాను.

ప్రశ్న అడిగినవారు: ఆరు నెలలు ఉతకకూడదంటారు, నిజమేనా?

సమాధానం 1: మన చెమటకు ఆ నియమం పనికిరాదు. తిరగేసి, చల్లని నీటిలో విడిగా ఉతికి, నీడలో ఆరవేయండి. అప్పటిదాకా నీలి రంగు అంటుతుంది కనుక తెల్ల సోఫాలకు దూరంగా ఉండండి.