ఆమోదించిన కథను ఛానెల్ మార్చమంటే ఖర్చు ఎవరిది?

నాగావళి ఒడ్డు: మా జట్టు ఒక సీరియల్ తీస్తోంది. ఛానెల్ పేరు అడగవద్దు. వన్‌లైన్ (కథ క్లుప్తరూపం) ఒప్పుకున్నారు, ఇరవై ఎపిసోడ్ల స్క్రిప్టు ఒప్పుకున్నారు, పన్నెండు తీసి పంపాం. ఇప్పుడు కొత్త క్రియేటివ్ హెడ్ వచ్చారు. కథానాయికది ఖద్దరు నేతకు పేరున్న పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే సన్నివేశం ఆయనకు అసహ్యంగా ఉందట, అమ్మాయిని హైదరాబాదు పంపించేయాలట. నాలుగు ఎపిసోడ్లు మళ్లీ తీయాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలి? కథ మీద హక్కు మాకు మిగులుతుందా? యాస కూడా తీసేయమన్నారు. తల్లి పాత్ర ‘మా గుంట మగ్గం ఎక్కితేనే ఇల్లు గడుస్తుంది’ అంటుంది. గుంట అంటే మా వైపు అమ్మాయి. దాని కింద ఎర్ర గీత గీసి, పక్కన ‘గోతికీ మగ్గానికీ ఏం సంబంధం?’ అని రాశారు.

మూడు లాంతర్లు: కడుపుబ్బ నవ్వాను. కానీ గుంట మగ్గం అని నిజంగానే ఉంది కదా, గోతిలో కాళ్లు పెట్టుకుని నేస్తారు. పాపం, పొరపాటున సరైన చోటే పడ్డాడు! మా గోడు వినండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం అని విజయనగరంలో పసిపిల్లలకూ తెలుసు. ఆదివారం ప్రత్యేక ఎపిసోడ్ కావాలని ఛానెల్ కథలో కూడా ఆదివారమే జరిపించింది. పైగా సరుగుడు దుంగ తెచ్చి, పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను అదే అన్నారు. అది చూసి మా అమ్మ టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయింది. దానికి కళా దర్శకుడిని నేనే.

పాలకొండ పిల్ల: నవ్వుకోండి. విశాఖ హాస్టల్లో నా నోట ‘గుంట’ అన్న మాట రాగానే గది మొత్తం నవ్వింది. మూడేళ్లు ఆ మాట మింగుకుని బతికాను. తీసేయమంటే తీసేయండి, కొంప మునగదు.

బొబ్బిలి వీణ: ఎవరో నవ్వారని అమ్మ మాట వదిలేస్తామా? మా నాయనమ్మ కన్ను మూసేదాకా నన్ను గుంటడనే పిలిచింది. ముద్దుకు అంతకు మించిన మాట మాకు లేదు. 1892లో ఇదే విజయనగరంలో కన్యాశుల్కం వాడుక మాటల్లో ఆడింది. ఇప్పుడు ఎవరికీ అర్థం కాదంటారా?

పాలకొండ పిల్ల: మీ నాయనమ్మ పిలిస్తే ముద్దే. బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాడు పిలిస్తే చెప్పు తీస్తాను. గురజాడను ఎందుకు లాగుతారు? అది అగ్రహారాల మాట, మా అమ్మ మాట కాదు.

బొబ్బిలి వీణ: వాడు ‘అమ్మాయీ’ అన్నా చెప్పు తీయవచ్చు. తప్పు మాటదా, వాడి గొంతుదా?

పాత ఎడిటర్: పద్దెనిమిదేళ్లు ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, మీ గొడవకు అర్థం లేదు. గురువారం రేటింగ్ వస్తుంది, శుక్రవారం కథ మారుతుంది. అరగంటలో మీకు దక్కేది ఇరవై రెండు నిమిషాలు. అందులోనూ ‘నిన్న ఏం జరిగిందంటే’ అని కొంత పోతుంది. యాస వినే తీరిక ఎవరికి?

మూడు లాంతర్లు: గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని 1994 కేబుల్ నియమాల్లోనే ఉంది. మిగిలినదంతా మనదే కదా. తీరిక లేనిది ఎవరికి, చూసేవాళ్లకా, మీకా?

పాత ఎడిటర్: నియమాలు నాకు నేర్పకండి. మీరు సరుగుడు దుంగకు రంగు వేసేనాటికి నేను వెయ్యి ఎపిసోడ్లు కోశాను.

గరివిడి కుర్రాడు: సిరిమాను అంటే వేపమాను కదా?

మూడు లాంతర్లు: చింతమాను! అసలు విజయనగరం జిల్లావాడివేనా బాబూ?

కోర్టు మెట్లు: అడిగినాయన సంగతి అందరూ మరిచారు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదవండి. హక్కుల బదలాయింపు రాతలో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. అయితే ఈ ఒప్పందాల్లో ‘శాశ్వతంగా, విశ్వమంతటా’ అని ముందే రాసి ఉంచుతారు. చంద్రుడి మీద ప్రసారం చేసినా హక్కు వాళ్లదే. మార్పుల ఖర్చు మీద మీ కాగితంలో ఏముంది?

పాలకొండ పిల్ల: వీణ గారూ, ఒక్క మాట. సీరియళ్లలో మన యాస ఎవరి నోట పెడతారో ఎప్పుడైనా గమనించారా? పాలేరు నోట, వంటమనిషి నోట. కథానాయిక నోట ఒక్కసారైనా విన్నారా? నా కోపం మాట మీద కాదు.

బొబ్బిలి వీణ: ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

పాలకొండ పిల్ల: చెప్పనిస్తే కదా.

నాగావళి ఒడ్డు: కోర్టు మెట్లు గారూ, కాగితం తీసి చూశాను. ‘ఛానెల్ సూచించిన మార్పులు నిర్మాత చేయవలెను’ అని ఒకే వాక్యం ఉంది, డబ్బు ఊసే లేదు. ఇప్పుడే ఫోను కూడా వచ్చింది. ‘గుంట’ ఉంచుకోవచ్చట. తల్లి నోట కాదు, కొత్తగా ఒక పనిమనిషి పాత్ర పెట్టి ఆమె నోట అనిపించాలట. ఖర్చు మాట ఎత్తితే గురువారం తర్వాత చూద్దాం అన్నారు.