కుక్కలు రకూన్‌ను ‘చెట్టెక్కించాయి’ అనొచ్చా?

ఒక చిన్న క్రియ దగ్గర ఇరుక్కుపోయానండీ, సాయం చేయండి.

మా అబ్బాయి డాలస్‌లో ఐదో తరగతి. స్కూల్లో విల్సన్ రాల్స్ నవల ‘వేర్ ద రెడ్ ఫెర్న్ గ్రోస్’ (1961) చదివిస్తున్నారు. ఓక్లహోమాలోని ఓజార్క్ కొండల్లో బిల్లీ అనే పిల్లాడు రెండేళ్ళపాటు 50 డాలర్లు కూడబెట్టి రెండు వేటకుక్కల్ని తెచ్చుకుంటాడు. అవి వేటాడేది రకూన్‌ను, అంటే చెట్లెక్కే ఒక చిన్న అమెరికా అడవి జంతువును. ఆ కథ వీడియో కాల్‌లో నానమ్మకు చెబుతూ మావాడు “కుక్కలు రకూన్‌ను చెట్టెక్కించాయి నానమ్మా” అన్నాడు. మా అమ్మ ఒకటే నవ్వు. “ఏ చెట్టురా, మునగచెట్టా?” అని.

వాడి తప్పేం లేదు. ఇంగ్లీషులో అక్కడున్న మాట ‘ట్రీ’. చెట్టునే క్రియ చేసేశారు. రాత్రిపూట కుక్కలు వాసన పట్టి రకూన్‌ను తరుముతాయి. అది ప్రాణభయంతో చెట్టెక్కేస్తుంది. వేటగాడు వచ్చేదాకా కుక్కలు ఆ చెట్టు కిందనుంచి కదలవు, మొరుగుతూనే ఉంటాయి. తరిమేటప్పటి అరుపు వేరు, చెట్టు కింది అరుపు వేరు. చీకట్లో ఎక్కడో వెనకాల వస్తున్నవాడికి ఆ తేడా వింటేనే సంగతి తెలిసిపోతుంది. ఇదంతా ఆ ఒక్క క్రియలో ఇమిడిపోయింది. వెతకాల్సిన చోట కాక ఇంకెక్కడో వెతికేవాణ్ణి ‘తప్పు చెట్టు దగ్గర మొరుగుతున్నాడు’ అంటారే ఇంగ్లీషువాళ్ళు, అదీ ఈ వేటలోంచి పుట్టిందే.

మన ‘ఎక్కించడం’లో చెయ్యి అందించి బస్సెక్కించినట్టుంటుంది. పైగా మునగచెట్టు ఎప్పుడూ పక్కనే కాచుకుని ఉంటుంది!

వదిలేద్దామంటే కుదరదు, కథంతా ఈ మాట మీదే నిలబడింది. ఒక్క రకూన్‌ను చెట్టెక్కిస్తే మిగతా పని తనదని బిల్లీ కుక్కలకు మాటిస్తాడు. అవి పోయి పోయి ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా పెద్ద సైకమోర్ మాను ఎక్కిస్తాయి. ఇక పిల్లాడు గొడ్డలి పట్టుకుని దాన్ని నరకడం మొదలుపెడతాడు. చేతులు బొబ్బలెక్కినా వదలడు.

— ‘వేటకుక్క’ బదులు ‘జాగిలం’ వాడండి సార్, నిండుగా ఉంటుంది. రకూన్‌కి ‘అడవిపిల్లి’ అంటే సరిపోతుంది కదా.

— జాగిలం మంచి మాటేనండీ. కానీ ఇప్పుడు పేపర్లో ‘పోలీసు జాగిలం’ అని చదివీ చదివీ, ఆ మాట వినగానే దొంగతనం జరిగిన ఇల్లే కళ్ళముందుకొస్తోంది. పిల్లాడి పక్కన పడుకునే కుక్కకి వద్దు. అడవిపిల్లి అసలే కాదు, రకూన్ పిల్లిజాతే కాదు. ఆ పేరు ఇంగ్లీషుదీ కాదు. వర్జీనియా ప్రాంతపు పౌహటన్ ప్రజల భాషలోంచి తీసుకున్నారు. చేతులతో గీకేది, రుద్దేది అని అర్థం చెబుతారు. వాళ్ళు అరువు తెచ్చుకున్నదాన్ని మనమూ అలాగే తెచ్చుకుందాం.

— క్రియ సంగతి చెబుతా అన్నా. మా ఊళ్ళో కుక్క పాముకి అడ్డం నిలబడి, ఎటూ కదలనివ్వకుండా మొరుగుతుంటే ‘నిలేసింది’ అంటాం. మనిషిని ‘నిలేసి అడిగాడు’ అనడంలేదా, అదే. ‘చెట్టుమీద నిలేశాయి’ అని చూడండి.

— తమ్ముడూ, దొరికింది! తరమడం లేదు గానీ కాపు కాయడం ఉంది, మొరగడమూ వినిపిస్తోంది. తరమడం ఎలాగూ ముందు వాక్యంలో వచ్చేస్తుంది. మాటిచ్చే చోట కూడా ‘మీరు నిలేయండి చాలు’ అంటే పిల్లాడి నోట్లో చక్కగా ఇముడుతుంది.

నిన్న మళ్ళీ కాల్ చేశాం. “చెట్టుమీద నిలేశాయి నానమ్మా” అన్నాడు మావాడు. ఈసారి అమ్మ నవ్వలేదు. “అయ్యో, మరి దిగిందా?” అంది.

“ఇంకా నరుకుతూనే ఉన్నాడు. మిగతాది టీచర్ సోమవారం చదువుతానన్నారు.”