అప్‌డేట్: రాత్రిళ్లు తనంతట తానే నెట్ వాడుతున్న కంప్యూటర్ సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, మా ఆఫీసు అకౌంట్స్ కంప్యూటర్ ఒకటి ఎవరూ లేని వేళ బయటికి ఏదో పంపుతోంది, యాంటీవైరస్ మాత్రం ఏమీ లేదంటోంది, ఏం చేయాలని. ముందు దాని మామూలు నడక ఎలా ఉంటుందో లెక్క కట్టమన్నారు మీరు.

స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ పెట్టి (ఒక పోర్ట్‌లో వెళ్లే ట్రాఫిక్ కాపీని ఇంకో పోర్ట్‌కి పంపడం), పాత లైనక్స్ మెషీన్‌లో నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని గమనించి రాసిపెట్టే జీక్ వేసి (ఒకప్పుడు బ్రో అనేవాళ్లే, అది) రెండు వారాలు లాగ్‌లు పట్టాను. మొదట ఒక తప్పు చేశాను. అనుమానం ఉన్న మెషీన్ లెక్కని దాని పాత లాగ్‌లతోనే కట్టాను, అది అప్పటికే పాడై ఉండటంతో ఆ పాడు నడకే మామూలుగా కనిపించింది. తర్వాత అదే పని చేసే పక్క నాలుగు మెషీన్లతో పోల్చాను.

ఎంత డేటా పోయిందన్న దాంట్లో తేడా దాదాపు లేదు, అసలు తేడా కనెక్షన్ల మధ్య ఎడంలో ఉంది. రాత్రి 2:10:04, 2:15:05, 2:20:03, ఇలా తెల్లారేదాకా ఒకే ఐపీకి (నెట్ అడ్రస్), మామూలుగా సురక్షిత వెబ్‌సైట్లు వాడే 443 పోర్ట్ మీద, ఇంచుమించు ఒకే సైజులో. మనిషి వాడితే అంత లెక్కగా ఉండదు. టైమ్ సింక్, అప్‌డేట్లు కూడా ఇలాగే వెళ్తాయి కాబట్టి వాటిని ముందే తీసేశాను.

ఎవరో వేసిన క్రాక్డ్ పీడీఎఫ్ ఎడిటర్ ఒక షెడ్యూల్డ్ టాస్క్ (టైమ్ ప్రకారం తనంతట తానే నడిచే పని) పెట్టిందని తేలింది. డిస్క్ చెరిపి విండోస్ మళ్లీ వేశాం, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే మెషీన్ నుంచి మార్చాం. జీఎస్టీ ఫైలింగ్ రోజుల్లో మాత్రం మామూలు నడక లెక్కతో పోల్చితే తప్పుడు అలర్ట్‌లు వస్తున్నాయి, ఆ రోజులకి వేరే లెక్క కడుతున్నాను. పక్క మెషీన్లూ చూడమన్న అన్నకి చాలా థాంక్స్, ఇంకోదాంట్లో కూడా అదే దొరికింది.