‘న తక్కరో’: దొంగ కాదనా, చేసేవాడు కాదనా?

చదువరి:
విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థులకు చదువుకొనే పద్ధతుల గురించి నాలుగు తరగతులు చెప్పే పని నాకు అప్పగించారు. బౌద్ధంలో చదువుకు పనికివచ్చే సూత్రాల మీదుగా వాటిని నడపాలని అనుకొని రాసుకుంటూ ఉంటే, ఎప్పుడో విన్న ఒక పాళీ గాథ రెండు రోజులుగా నన్ను పట్టి పీడిస్తున్నది. పరుల ఆవులను లెక్కపెట్టే కాపరి పోలిక ఉన్న గాథ అది. ‘న తక్కరో హోతి’ అన్న ముక్క, ‘పమత్తో’ అన్న మాట మాత్రమే నాకు గట్టిగా గుర్తున్నాయి. మాకు చెప్పిన పెద్దాయన ‘వాడు దొంగా కాడు, ఆవులూ వాడివి కావు’ అని అర్థం చెప్పినట్టు జ్ఞాపకం. ఆ దొంగ గాథలోకి ఎక్కడి నుంచి వచ్చాడో ఇప్పుడు అంతుపట్టడం లేదు. బట్టీ పట్టవద్దని చెప్పే స్లైడు మీద దీన్ని పెట్టాలని ఉన్నది కనుక, ఈ గాథ కంఠస్థం చేయడాన్ని నిజంగా తప్పుపడుతున్నదా లేదా అన్నది తేల్చి చెప్పగలరా?

ఏకసంధ:
ధమ్మపదం, యమకవర్గం, 19వ గాథ.

బహుంపి చే సంహిత భాసమానో
న తక్కరో హోతి నరో పమత్తో
గోపోవ గావో గణయం పరేసం
న భాగవా సామఞ్ఞస్స హోతి

ఎంత వల్లించినా, ఏమరుపాటున ఉండి ‘తక్కరో’ కానివాడు, పరుల ఆవులను లెక్కపెట్టే కాపరిలా, శ్రామణ్యంలో, అంటే భిక్షు జీవితపు ఫలంలో, భాగస్వామి కాడని తాత్పర్యం. దీన్ని ఒంటరిగా ఉదహరించడం అన్యాయం. యమకమంటేనే జంట కదా! 20వ గాథ ‘అప్పంపి చే’ అని ఎత్తుకొని, కొంచెమే వల్లించినా దాని ప్రకారం నడిచేవాడికి పాలు దక్కుతుందని ముగుస్తుంది. ‘పాలు’ అన్నది నేను శ్లేషతోనే రాశాను, భాగమూ అవుతుంది, ఆవు ఇచ్చేదీ అవుతుంది.

వ్యుత్పత్తి:
మీ పెద్దాయనను అంత తేలికగా తోసిపుచ్చకండి. సంస్కృత ‘తస్కర’ పాళీలో ‘తక్కర’ అవుతుంది, జాతక కథల్లో దొంగ అన్న అర్థంలో ఆ మాట ఉన్నది. మన ‘తక్కరి’, ‘టక్కరి’ కూడా ఆ తోవన వచ్చినవే అని నా నమ్మకం. అలా చదివితే గాథకు ఒక కొత్త పదును వస్తుంది. ఏమరుపాటున వల్లించేవాడు దొంగపాటి కూడా చేయడు, ఎందుకంటే ఆవును తోలుకుపోయిన దొంగకైనా ఆ పూట పాలు దక్కుతాయి, కాపరికి మిగిలేది లెక్క ఒక్కటే. విద్యార్థులకు ఈ అర్థం చెప్పి చూడండి, జన్మలో మరచిపోరు.

గణవిభజన:
వ్యుత్పత్తి గారి దొంగ చమత్కారంగా ఉన్నాడు గానీ నిలబడడు. ఇదే గాథకు సంస్కృత రూపం ఉదానవర్గమనే బౌద్ధ గాథల సంకలనంలో ఉన్నది, అక్కడ ‘న తత్కరో భవతి నరః ప్రమత్తః’ అని విస్పష్టంగా కనిపిస్తుంది. ‘తత్’ అంటే తాను వల్లించినది, ‘కర’ అంటే చేసేవాడు. వల్లించినదాన్ని ఆచరణలో పెట్టనివాడు అన్నదే అర్థం, ధమ్మపదానికి పాళీ వ్యాఖ్యానమైన అట్ఠకథ చెప్పేదీ అదే.

అసలు తగవు ఉండవలసింది మొదటి పాదంలో. కొన్ని ప్రతుల్లో ‘సంహిత’ అనీ, కొన్నింటిలో ‘సహితం’ అనీ ఉన్నది. గణాలు కట్టి చూడండి: బహుంపి, చేసంహి, తభాస, మానో, అంటే జ-త-జ-గగ, ముత్యాల్లాంటి పదకొండు అక్షరాల ఉపేంద్రవజ్ర పాదం. ‘సహితం’ అని పెట్టిన క్షణంలో త-గణం చెడిపోతుంది. కనుక ‘సంహిత’ అన్నదే మూలపాఠమని, గ్రంథంగా కూర్చిన పాఠమే ఇక్కడ ఉద్దిష్టమని నా నిశ్చితాభిప్రాయం.

ఏకసంధ:
నిశ్చితాభిప్రాయానికి రెండు అడ్డంకులు ఉన్నాయండీ. మీరు సాక్ష్యానికి పిలిచిన ఉదానవర్గమే ‘సహితం’ అంటున్నది. సాక్షి మాట ఒకటి నమ్మి, మరొకటి విననట్టు నటించడం కుదరదు. రెండవది, నాలుగవ పాదాన్ని మీ వేళ్ల మీద లెక్కించండి: న-భా-గ-వా-సా-మఞ్-ఞస్-స-హో-తి. పదే అక్షరాలు. పదకొండు లేని గాథకు ఒక త-గణం పోతేనేమి?

వ్యుత్పత్తి గారికి కూడా ఒక మాట. టక్కరి కోసం మగధ దాకా పోనక్కరలేదు. నేర్పు ఉన్నవాడు నేర్పరి, టక్కు ఉన్నవాడు టక్కరి, చదువు ఉన్నవారు ఈ చర్చ మొదలుపెట్టిన చదువరి గారు. అందరికీ ఒకే ‘అరి’ ప్రత్యయం, దొంగతనం అంటగట్టడం దేనికి?

ఆనాపాన:
మీరంతా అక్షరాలు లెక్కిస్తున్నారు, ఆవులు ఎవరివో నేను అడగను. చదువరి గారి ప్రశ్న మాత్రం కంఠస్థం గురించి. అట్ఠకథలో ఈ గాథకు చెప్పిన కథ ఇద్దరు మిత్రులది. ఒకరు గ్రంథధురం, అంటే గ్రంథాలు నేర్చే బాధ్యత ఎత్తుకొని పిటకాలన్నీ నేర్చి ఐదు వందల మంది భిక్షువులకు పాఠం చెప్పేవారు. మరొకరు విపస్సనాధురం, అంటే ధ్యానసాధన బాధ్యత ఎత్తుకొని అరణ్యంలో సాధన చేసి అర్హంతులు, అంటే ముక్తులు అయ్యారు. పండిత మిత్రుడు రెండవవారిని ప్రశ్నలతో ఇరుకున పెట్టాలని చూస్తే, బుద్ధుడే ముందుగా ఇద్దరినీ అడిగాడు, సాధనతో అందుకొనే ముక్తి దశలైన మార్గఫలాల దగ్గరకు వచ్చేసరికి పండితుడికి నోరు పెగలలేదు. కాపరి పొద్దున ఆవులను అప్పగింపుకు తీసుకొని, సాయంత్రం లెక్క చూసి యజమానులకు అప్పజెప్పి, రోజుకూలి పుచ్చుకొని పోతాడనీ, పాలు పెరుగు వెన్న నెయ్యి వంటి పంచగోరసాలు అతడికి దక్కవనీ అక్కడే వివరించారు. తప్పు ఎక్కడున్నదో చెప్పడానికి వాడిన కొలత నాకు మరీ ఇష్టం: కోడి రెక్క విదిల్చినంత సేపైనా నేర్చినదాన్ని లోతుగా మనసుకు పట్టించుకోకపోవడమట! పాఠాలు నేర్వడం నేరమని ఆ కథలో ఎక్కడా లేదు.

దీనికి ఎదురుగా, బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలోని సంగారవ సూత్రం పెట్టి చదవండి. సంగారవుడనే బ్రాహ్మణుడు వచ్చి, ఎంతోకాలం వల్లెవేసిన మంత్రాలు కూడా ఒక్కోసారి నోటికి రావెందుకని, వల్లెవేయనివి సైతం ఒక్కోసారి తోస్తాయెందుకని అడుగుతాడు. పరీక్ష హాలులో కూర్చున్న ఏ విద్యార్థి అయినా అడిగే ప్రశ్న ఇదే! బుద్ధుడు అతడికి ఒక పాత్రలోని నీటిని చూపిస్తాడు. లక్క, పసుపు, నీలి, మంజిష్ఠ కలిసిన నీరు కోరిక, పొయ్యి మీద మరుగుతున్న నీరు ద్వేషం, నాచు కమ్మిన నీరు మందకొడితనమూ నిద్రమత్తూ, గాలికి అలలు లేచే నీరు ఆందోళనా పశ్చాత్తాపమూ, చీకట్లో పెట్టిన బురదనీరు సందేహం. వీటిలో దేనిలోనూ మనిషికి తన ముఖం కనిపించదు. నేను తరగతిలో గాజుగిన్నెలో నీళ్లు పోసి, ఒక చెంచాడు పసుపు కలిపి, అడుగున పెట్టిన చీటీ చదవమంటాను. అరనిమిషంలో గది నిశ్శబ్దమైపోతుంది. ఆ తరువాత ‘నిన్న చదవడానికి కూర్చున్నప్పుడు మీ గిన్నెలో ఏముంది?’ అని అడిగితే, వాళ్లే చెబుతారు. ఎక్కువమందిది నాచు, పరీక్షల ముందు మాత్రం అలలు.

చదువరి:
ఆనాపాన గారూ, గిన్నెను నేను అరువు తీసుకుంటున్నాను. అయితే వల్లెవేయడం, చదివినదే మళ్లీ చదవడం ఒకటేనా? నా విద్యార్థులు పుస్తకం తెరిచి, రంగుల గీతలు గీస్తూ అదే పుటను నాలుగుసార్లు చదివి, దానిని బట్టీ అంటున్నారు.

ఆనాపాన:
అక్కడే మెలిక ఉన్నది. సూత్రంలో ఉన్న మాట ‘సజ్ఝాయ’, అంటే స్వాధ్యాయం. రాతప్రతి చేతిలో లేని కాలంలో స్వాధ్యాయమంటే జ్ఞాపకంలోంచి బయటకు తీయడమే తప్ప చూసి చదవడం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగాలలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు వారిని దాటిపోయారు. కనుక బట్టీని దుయ్యబట్టే స్లైడు మీద ఈ గాథను పెట్టవద్దని నా మనవి. గాథ నిందించినది ‘పమత్తో’ అన్నవాడిని, ‘భాసమానో’ అన్నవాడిని కాదు.

బౌద్ధ ధ్యానంలో వినిపించే ‘సతి’ గురించి కూడా ఒక మాట. 1881లో పాళీ పండితుడు రీస్ డేవిడ్స్ దాన్ని ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అన్నాడు, అది తిరిగి తిరిగి ఇప్పుడు శ్వాస మీద ధ్యాసగా మన దగ్గరకు వచ్చింది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో 48 మంది విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలో, రెండు వారాల శిక్షణ పొందినవారికి చదివి అర్థం చేసుకొనే శక్తి మెరుగుపడి, మనసు చెదరడం తగ్గింది. సంతోషమే. అయితే సతి మొదట స్మృతి. చాలాకాలం కిందట చేసినదీ, చెప్పినదీ గుర్తుచేసుకోగలగడమని సంయుత్త నికాయమే దానికి నిర్వచనం ఇచ్చింది. ధ్యానాన్నీ జ్ఞాపకాన్నీ రెండు వేరు తరగతుల్లో బోధించేవారు ఒకే మాటను రెండుగా చీల్చుతున్నారు.

వ్యుత్పత్తి:
దొంగను వదిలేస్తున్నాను, ‘తత్కరః’ ముందు నాకు జవాబు లేదు. శ్లేషగానైనా మిగలనివ్వండి. ‘పమత్తో’ను మాత్రం వదలను. తెలుగులో ప్రమాదం రోడ్డు మీద జరిగేదిగా మారిపోయింది, ‘ప్రమాదో ధీమతామపి’ అన్నప్పుడు మాత్రమే పాత అర్థం పైకి తేలుతుంది. విచిత్రమేమంటే ‘అప్రమత్తంగా’ అన్న మాటలో ఆ అర్థం చెక్కుచెదరలేదు. నామ సంవత్సరాల్లో ‘ప్రమాదీచ’ అని ఒకటి ఉన్నది కదా, 1973లో మొదలైనది, అందులోని ‘చ’ నిజానికి ‘మరియు’ అనే అవ్యయం. శ్లోకంలోంచి ఊడిపడి పేరుకు అతుక్కుపోయింది. ఏమరుపాటు అంటే అదే! ‘అప్పమాద’కు నేను ‘ఏమరనితనం’ అంటాను, ‘జాగ్రత్త’ అంటే చప్పబడిపోతుంది.

బుద్ధుడి కడపటి మాట ‘అప్పమాదేన సంపాదేథ’. దీన్ని విద్యార్థుల ముందు పలికేటప్పుడు జాగ్రత్త, ‘ఏమరకుండా సంపాదించండి’ అని విని ఉద్యోగాల గురించి అనుకుంటారు. నెరవేర్చుకోండి అన్న అర్థం మన సంపాదనలో ఎప్పుడో కరిగిపోయింది.

ఏకసంధ:
ఇంత దూరం వచ్చాక పోతన లేకుండా ఎలా? ‘చదివించిరి నను గురువులు’ కందాన్ని ఒక్కసారి చెవిలో తిప్పుకోండి. నాలుగు పాదాల్లో చదువు ఐదుసార్లు వస్తుంది. మొదటిది ప్రేరణార్థకం, అక్కడ కర్తలు గురువులు. రెండవది ‘చదివితి’, కర్త తానే, కానీ చదివినవి వాళ్లు పెట్టిన శాస్త్రాలు. మూడవది ‘చదివినవి గలవు పెక్కులు’, ఇది అచ్చంగా ఆవుల లెక్క! ‘చదువులలో మర్మమెల్ల’ అన్న చోట లెక్క ఆగిపోయి, చివరి ‘చదివితి’లో ప్రహ్లాదుడు భాగస్వామి అవుతాడు. ‘బహుంపి’ నుంచి ‘భాగవా’ దాకా ఉన్న దూరమంతా ఆ బాలుడు ఒక కందంలో నడిచాడు. పాళీ గాథకు ఇంతకంటే మంచి తెలుగు వ్యాఖ్య నాకు తెలియదు.

గణవిభజన:
పద్యం మీద నాకూ ప్రాణమే గానీ, వ్యాఖ్య అనడం అతిశయోక్తి. పోతన మర్మమన్నది భక్తిని, గాథలో భాగం శ్రామణ్యానికి చెందినది. రెంటినీ కలిపితే ఇద్దరూ ఒప్పుకోరు.

ఏకసంధ:
ఒప్పుకోరు, నిజమే. క్రియాపదం ఒప్పుకుంటుంది. ‘చదువు’ అన్న మాటకు పైకి చదవడమూ, నేర్వడమూ రెండూ అర్థాలైన భాషలో, ‘భాసమానో’కూ ‘తక్కరో’కూ మధ్య ఉన్న గండిని ఒకే ధాతువు మీద ఐదు అడుగులు వేసి దాటించడం మామూలు సంగతి కాదు.

చదువరి:
స్లైడు నుంచి గాథను తీసివేశాను. దీఘ నికాయంలోని సంగీతి సూత్రం చెప్పే మూడు ప్రజ్ఞలతో, అంటే సుతమయ, చింతామయ, భావనామయాలతో మొదలుపెడతాను. వింటున్నప్పుడు కలిగేది, తనంత తాను ఆలోచిస్తే కలిగేది, సాధనతో పండేది. ‘చింత’ అంటే ఇప్పుడు దిగులు, ‘భావన’ అంటే ఊహ అయిపోయాయి కనుక మొదటి పావుగంట ఆ మాటలకే పోతుంది. పోనివ్వండి. తరగతి చివర పుస్తకాలు మూయించి, ఆనాటి పాఠాన్ని పక్కవారికి చెప్పమంటాను. చెప్పగలిగినంతవరకు ఆవులు వాళ్లవి, మిగిలినవి నావి. ఆ ఆవుల కోసమైనా గాథను నోటితో చదివి వినిపించాలి కనుక, మొదటి పాదం ‘సంహిత’ అనాలా, ‘సహితం’ అనాలా చెప్పండి.

ఆనాపాన:
అట్ఠకథ ప్రకారం అది త్రిపిటక బుద్ధవచనానికి పేరు. ఏది పలికినా విద్యార్థికి అందే అర్థం మారదు.

గణవిభజన:
అర్థం మారదు, నడక మారుతుంది. ఏకసంధ గారి పది అక్షరాల ఆక్షేపణకు రాత్రంతా ఆలోచించి జవాబు పట్టుకున్నాను. రత్నం రతనమైనట్టు, యత్నం జతనమైనట్టు, ‘సామఞ్ఞస్స’ను విడదీసి ‘సామనియస్స’ అని పలకండి. న-భా-గ-వా-సా-మ-ని-యస్-స-హో-తి, పదకొండు. పాదాంత లఘువును గురువుగా తీసుకుంటే జ-త-జ-గగ. మూడవ పాదం ఇంద్రవజ్ర, తక్కినవి మూడూ ఉపేంద్రవజ్ర, వెరసి చక్కని ఉపజాతి. కనుక ‘సంహిత’.

ఏకసంధ:
ఉపజాతి అనకండి, మన వాళ్లు ఆటవెలది అనుకుంటారు. అయినా ఒక అక్షరాన్ని నిలబెట్టడానికి మరొక అక్షరాన్ని కల్పించి తెచ్చారు, ఆ ‘ని’ ఏ తాళపత్రంలో ఉన్నదో ముందు చూపించండి.