కళింగపట్నం తీరంలో సముద్రజలపు పీహెచ్‌ను నమ్మకంగా కొలవడం ఎలా?

నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా విద్యార్థుల్లో చాలామంది మత్స్యకార కుటుంబాల పిల్లలే. మానవులు విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయనీ, అది నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లంగా మారడం వల్ల పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉండిన ఉపరితల జలాల సగటు పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది) ఇప్పుడు 8.1కి చేరువైందనీ తరగతిలో వివరించాను. అంకె చిన్నదిగా కనిపించినా, పీహెచ్ సంవర్గమాన కొలత కనుక 0.1 తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత దాదాపు 26 శాతం పెరిగినట్లే; గుల్లజీవులు పెంకు కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్ అయాన్లు దీనివల్ల తగ్గుతాయి.

దీనిని కళింగపట్నంలో కొలిచి చూద్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. పీహెచ్ కాగితం ఇంత సూక్ష్మమైన తేడాను చూపదు. పైగా అక్కడ వంశధార సముద్రంలో కలుస్తున్నందున, వరదల కాలంలో నదీజలం ఉప్పునీటిపై పొరలా పరచుకొని రీడింగును మార్చివేస్తుంది. నీటిలోని సూక్ష్మవృక్షాల వల్ల పగటికీ రాత్రికీ కూడా తేడా వస్తుంది.

నదీముఖానికి ఎంత దూరంలో, ఏ వేళ నమూనాలు సేకరించడం మంచిది? పాఠశాల కొనగలిగే పీహెచ్ మీటరును ఉప్పునీటి కోసం సరిచూసుకోవడానికి సాధారణ బఫర్ ద్రావణాలు (పీహెచ్ విలువ ముందే తెలిసిన ద్రావణాలు) సరిపోతాయా? ఎన్నేళ్ల కొలతలుంటే వాటిని వాతావరణ మార్పుతో ముడిపెట్టి మాట్లాడవచ్చు? సముద్ర రసాయనశాస్త్రంలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.