డిసెంబర్ క్రిస్మస్ సంబరం: నీడిల్‌పాయింట్ ఆర్నమెంట్ల పని ఎవరెవరికి?

చేతిపనుల బృందం

అందరికీ నమస్కారం. మన సంఘం క్రిస్మస్ సంబరానికి డిసెంబర్ రెండో శనివారం హాలు ఖాయమైంది. ఈసారి క్రిస్మస్ చెట్టుకు షాపులో కొన్న బంతులు వద్దు, మనం కుట్టిన నీడిల్‌పాయింట్ (గళ్ళ కాన్వాసు నిండా దారంతో కుట్టే పని) ఆర్నమెంట్లు కడదామని మీటింగులో అందరూ ఒప్పుకున్నారు. ఆ పని ఆగస్టులోనే మొదలుపెట్టాలి. "డిసెంబర్‌కి ఇప్పుడే ఏం తొందర?" అని కొందరు అడిగారు కాబట్టి లెక్క చెబుతున్నాను.

మూడంగుళాల గుండ్రటి ఆర్నమెంటును అంగుళానికి 18 గళ్ళుండే కాన్వాసు మీద కుడితే సుమారు 2,300 కుట్లు పడతాయి. 13 గళ్ళ కాన్వాసు మీదయితే దాదాపు 1,200. షాపుల్లో కనిపించే సన్నటి పనంతా ఎక్కువగా 18 గళ్ళదే. చూడ్డానికి చాలా బాగుంటుంది కానీ మనలో ఎక్కువమంది మొదటిసారి సూది పడుతున్నారు. 13 గళ్ళదే తీసుకుందాం. కుట్టడం ఒక ఎత్తు, కుట్టాక దాన్ని తడిపి, సాగదీసి, ఆరబెట్టి, వెనక గుడ్డ వేసి, దూది నింపి, చుట్టూ తాడు కుట్టడం ఇంకో ఎత్తు. ఈ రెండో పనికి నవంబర్ మొత్తం వదిలేయాలి. అంటే కుట్లు అక్టోబర్ ఆఖరు కల్లా పూర్తయిపోవాలి.

డిజైన్ల సంగతి. పాతకాలపు అందం కావాలన్నారు. మనం ఉండేది అప్‌స్టేట్ న్యూయార్క్‌లో, గాజు పనికి పేరున్న కార్నింగ్ ఊరు మనకి కారులో వెళ్ళి వచ్చేంత దూరం. 1930ల దాకా అమెరికాలో గాజు బంతులు ఎక్కువగా జర్మనీ నుంచే వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం వస్తే సరుకు ఆగిపోతుందని మ్యాక్స్ ఎకార్ట్ అనే దిగుమతిదారు ముందే ఊహించి, ఇక్కడే బంతులు చేయమని కార్నింగ్ గాజు కంపెనీని ఒప్పించాడు. కరెంటు బల్బులు ఊదడానికి కట్టిన యంత్రం మీదే వాళ్ళు క్రిస్మస్ బంతులు చేశారు. షైనీ బ్రైట్ పేరుతో అమ్ముడైన ఆ బంతులు ఇక్కడి పెద్దవాళ్ళ ఇళ్ళల్లో అట్టపెట్టెల్లో ఇప్పటికీ ఉంటాయి. యుద్ధం రోజుల్లో లోపల వెండిపూతకి, పైన లోహపు మూతకి కరువొచ్చింది. అందుకని పూతలేని గాజు మీద సన్నటి రంగు చారలు వేసి, అట్టముక్కతో మూతలు పెట్టారు. నాకు అన్నిటికంటే ఆ కరువుకాలపు బంతులే నచ్చుతాయి. లేత బూడిదరంగు నేల (డిజైన్ వెనక జాగా) మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అడ్డచారలు వేస్తే చాలు, కొత్తవాళ్ళ చేతికి అంతకంటే సులువైన డిజైన్ దొరకదు.

షాపుల్లో రంగులు వేసి అమ్మే కాన్వాసులు చూసి కాపీ కొట్టొద్దు, అవి ఆ డిజైనర్ల సొత్తు. గళ్ళ కాగితం మీద మనమే గీసుకుందాం.

కొత్త సభ్యురాలు

అక్కా, చిన్నప్పుడు స్కూల్లో గొలుసు కుట్టు, కాడ కుట్టు నేర్పారు. ఇది అలాంటిదేనా? ఏ సూది కొనాలి?

చేతిపనుల బృందం

అవి గుడ్డ మీద వేసే కుట్లమ్మా. నీడిల్‌పాయింట్‌లో కింద కాన్వాసు అసలు కనపడకూడదు, ప్రతి గడీ దారంతో కప్పేయాలి. కుట్టు ఒకటే, ఏటవాలుగా ఎడమ కింద నుంచి కుడి పైకి. టేపెస్ట్రీ సూది, 20 నంబరు తీసుకో. మొన మొద్దుగా ఉంటుంది, బెజ్జం పెద్దది.

అదే కుట్టుని వరుసగా అడ్డంగా వేసుకుంటూ పోతే కాంటినెంటల్ అంటారు. ఐమూలగా వేస్తే బాస్కెట్‌వీవ్. చారల దగ్గర కాంటినెంటల్ తప్పదు. నేలంతా మాత్రం బాస్కెట్‌వీవ్‌లోనే నింపండి. ఇందులో నేను పట్టుబట్టేది ఇదొక్కటే. కాంటినెంటల్‌తో పెద్ద జాగా నింపితే దారం అంతా ఒకేవైపు లాగి, గుండ్రంగా గీసింది కోలగా వాలిపోతుంది. ఆ తర్వాత ఎంత తడిపి సాగదీసినా పూర్తిగా సరికాదు. బాస్కెట్‌వీవ్‌కి గుర్తు చెబుతాను. కాన్వాసు పోగుల్ని దగ్గరగా చూస్తే ఒక ఐమూల వరుసలో నిలువు పోగు పైన ఉంటుంది, పక్క వరుసలో అడ్డ పోగు పైన ఉంటుంది. నిలువు పోగు పైన ఉన్న వరుసలో కిందికి దిగుతూ కుట్టాలి, అడ్డ పోగు పైన ఉన్న వరుసలో పైకి ఎక్కుతూ కుట్టాలి. మధ్యలో పని ఆపి రెండు వారాల తర్వాత తీసినా ఎటు వెళ్ళాలో కాన్వాసే చెబుతుంది.

దారం మూర కంటే పొడుగు తీసుకోవద్దు, పదే పదే గడిలోంచి దూరి నూగు లేస్తుంది. వెనక ముడులు వేయొద్దు, ముందు వైపు ఉబ్బి కనిపిస్తాయి. ఎరుపు దారం కొసల్ని తెలుపు కుట్ల వెనక నుంచి తీసుకెళ్ళొద్దు, తెలుపులోంచి నీడలా కనపడుతుంది. కాన్వాసు అంచులకి టేపు అతికించండి, లేకపోతే దారాన్ని, చీరని రెండిటినీ పట్టేస్తుంది. గీతలు నీళ్ళకి కరగని పెన్నుతోనే గీయాలి.

పిల్లల ప్రోగ్రామ్స్

పిల్లలకి కూడా ఏదైనా ఇవ్వాలి కదా. ఎనిమిదేళ్ళ పిల్లలు 13 గళ్ళ కాన్వాసు మీద కూర్చోలేరు.

చేతిపనుల బృందం

వాళ్ళకి ప్లాస్టిక్ కాన్వాసు, అంగుళానికి 7 గళ్ళది. మామూలు ఊలు సరిపోతుంది. కత్తిరిస్తే పోగులు ఊడవు, వంకర పోదు, ఆరబెట్టే పని లేదు. నక్షత్రం ఆకారం ఇద్దాం. మన ఊళ్ళల్లో డిసెంబర్ వస్తే క్రైస్తవుల ఇళ్ళ ముందు కాగితం నక్షత్రం వెలుగుతుంది కదా, అది పిల్లలకి చూపించి కుట్టిస్తే బాగుంటుంది.

స్టేజ్ డెకరేషన్

మాది మెదక్. చర్చి డిజైన్ ఒకటి పెట్టొచ్చా?

చేతిపనుల బృందం

తప్పకుండా పెట్టాలి అన్నా. చెట్టు మీద ఎత్తులో దానికే చోటు. కరువులో పనిలేని జనానికి కూలి దొరికేలా మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన చర్చి అది, ప్రతిష్ఠ జరిగింది కూడా 1924 డిసెంబర్ 25నే. మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు తీసుకుంటే 39 గళ్ళు, 52 గళ్ళు వస్తాయి. ఇందులో కిటికీల అద్దాల బొమ్మలు పట్టవు, వాటి జోలికి వెళ్ళొద్దు. మధ్య గోపురం, కొస మీద ఒక్క కుట్టు, రాయికి రెండు రకాల బూడిదరంగు, వెనక నీలం. అంతే. ఫొటో చూసి మీరు గళ్ళ కాగితం మీద గీయండి, కుట్టేది నేను.

ఒక సభ్యురాలి తల్లి

అమ్మా, నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చాను, నవంబర్ దాకా ఉంటాను. మాది నర్సాపురం పక్కన. కళ్ళు సన్నగడికి ఆనవు గానీ లేసు అల్లగలను. చుట్టూ తాడుకి బదులు లేసు వేస్తారా?

చేతిపనుల బృందం

పిన్నిగారూ, మీరు ఆ మాట అడిగినందుకు ప్రాణం లేచొచ్చింది. మీ వైపు ఆడవాళ్ళు 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చి తరతరాలుగా అల్లుతున్న లేసు అది. మెదక్ చర్చికి, తెల్ల గంటల డిజైన్లకి మీ లేసే వేద్దాం. అరంగుళం వెడల్పు మించకుండా, తెల్ల నూలుతో అల్లండి. ముందు ముక్కకి, వెనక గుడ్డకి మధ్య అతుకులో పెట్టి కుడతాం. దారం ఏ నంబరు కావాలో మీ అమ్మాయితో చెప్పి పంపండి, నేను కొనుక్కొస్తాను.

ట్రెజరర్

ఇంత కష్టపడి చేస్తున్నారు, ఒక్కొక్కటి 25 డాలర్లకి అమ్మితే స్కాలర్‌షిప్ ఫండ్‌కి డబ్బొస్తుంది. ఆలోచించండి.

చేతిపనుల బృందం

అన్నగారూ, ఫండ్ మీద మీకున్న పట్టుదల నాకూ ఉంది. కానీ కుట్టినవి అమ్మడానికి నేను ఒప్పుకోను. ఇన్ని సాయంత్రాలు పోసి చేసినదానికి 25 డాలర్లంటే గంటకి ఎంత పడుతుందో మీరే లెక్కేయండి. ఈ దేశంలో చాలా ఇళ్ళల్లో అమ్మమ్మ కుట్టిన ఆర్నమెంటు మనవరాలి చెట్టు మీద ఉంటుంది. మన సంఘానికి అలాంటి పెట్టె లేదు, ఇప్పుడైనా మొదలుపెడదాం. ప్రతి దాని వెనక సంవత్సరం, కుట్టినవాళ్ళ పొడి అక్షరాలు వేద్దాం. ప్రతి ఏడూ కొన్ని కలుపుదాం. ఫండ్ కోసం పిల్లల నక్షత్రాల కిట్లు అమ్ముదాం. ప్లాస్టిక్ కాన్వాసు ముక్క, మూడు రంగుల ఊలు, సూది, డిజైన్ కాగితం ఒక కవర్లో పెడితే ఖర్చు తక్కువ, అందరూ కొంటారు.

ట్రెజరర్

సరేనమ్మా, కిట్లకి నేను సరే. సామాను రసీదులు అన్నీ దాచి ఉంచండి.

చేతిపనుల బృందం

అయితే ఖాయం. శనివారం పొద్దున పదింటికి లైబ్రరీ చిన్న గది బుక్ చేశాను. కాన్వాసు, ఊలు, పెర్ల్ కాటన్ (మెరిసే నూలు దారం) నేను తెస్తాను. ఊలు బూడిదరంగు నేలకి, పెర్ల్ కాటన్ 3 నంబరు చారలకి, గాజు మెరుపు దాంతోనే వస్తుంది. ఎరుపు దారం తడి తెల్లగుడ్డలో నొక్కి, రంగు దిగుతుందో లేదో ముందే చూస్తాను. దిగితే ఆ దారం పక్కన పెట్టేస్తాం. మీరు చిన్న కత్తెర, కళ్ళద్దాలు తెచ్చుకోండి. నవంబర్‌లో వెనక గుడ్డ కుట్టడానికి మిషను ఉన్నవాళ్ళు ఇద్దరు కావాలి, ఎవరైనా ఇక్కడే చెప్పండి. ఇప్పటిదాకా ఒక్కరే పేరిచ్చారు.